ఎంజీబీ ఇంజన్: నాన్న చెప్పినట్టు రింగులా, ఫ్రెండ్ చెప్పినట్టు వెబర్లా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట 1972 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు మడిచే పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు, కొన్నాను. బాడీ బాగానే ఉంది, ఇంజనే ఏడిపిస్తోంది. వెనక నీలం పొగ, ఐదు వందల మైళ్లు తిరిగేసరికి లీటరు ఆయిల్ తాగేస్తోంది. వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ 8 దగ్గర, హైవే మీద 35 దగ్గర చూపిస్తోంది. మా నాన్న రాజమండ్రిలో చాలా ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు, ఆయన "రింగులు మార్పించరా, సరిపోతుంది" అంటున్నారు. ఆఫీసులో ఫ్రెండ్ ఒకడు "ఎలాగూ ఇంజన్ దించుతున్నావు కదా, హాట్ క్యామ్, వెబర్ కార్బురేటర్, 11 కంప్రెషన్ పెట్టించు, 140 హార్స్‌పవర్ వస్తుంది" అంటున్నాడు. నా దగ్గర మూడున్నర వేల పౌండ్లు ఉన్నాయి. విప్పడం, బిగించడం నేనే చేద్దామని. ఆదివారాలు తిరగడానికి, ఎండ కాస్తే ఆఫీసుకి, ఏడాదికోసారి వేల్స్ దాకా, అంతే వాడకం. ఏం చేయమంటారు? ఇండియాలో అంబాసిడర్ సామాన్లు దీనికి పనికొస్తాయని విన్నాను, నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఇంజన్ దించకు. ఒక శనివారం పూట కూర్చుని అసలు జబ్బు ఎక్కడుందో తేల్చుకో. మీ నాన్నగారి మాట, ఫ్రెండ్ మాట రెండూ ఆ తర్వాత చూద్దాం.

పొగ ఎప్పుడొస్తోందో నువ్వు రాయలేదు, నాకు కావాల్సింది అదే. ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కి లాగేటప్పుడు పొగ వస్తే రింగులూ బోరూ అరిగాయని. వాలు దిగుతూ కాలు తీసేసి, కింద మళ్లీ తొక్కగానే వెనక బుస్సుమని ఒక మేఘం లేస్తే అది వాల్వ్ గైడ్ల పని. రెండూ ఉంటే రెండూ అరిగాయి, యాభై ఏళ్ల బండికి అది వింతేం కాదు. కంప్రెషన్ గేజ్ ఒకటి కొనుక్కో. ఇంజన్ వేడి చేసి, ప్లగ్గులు నాలుగూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఒక్కో సిలిండర్ చూడు. తర్వాత ప్లగ్గు బొక్కలోంచి ఒక టీ చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. ఆయిల్ పోశాక అంకె బాగా లేచిందంటే రింగులు పట్టడం లేదని, లేవలేదంటే గాలి వాల్వుల దగ్గర పోతోందని. అంకె ఎంతన్నది కాదు ముఖ్యం, నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది చూడు. ఒకటి మిగతావాటి కంటే పది శాతానికి మించి తగ్గితే అక్కడ ఏదో ఉంది.

ఇంకో రెండు చవక పనులున్నాయి. టాపెట్ సైడ్ కవర్ నుంచి కార్బురేటర్లకి వెళ్లే బ్రీదర్ గొట్టం తీసి లోపల జిడ్డు పట్టి మూసుకుపోయిందేమో చూడు. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి, బాగున్న ఇంజన్ కూడా ఆయిల్ కక్కుతుంది, తాగుతుంది. రెండోది, డాష్‌బోర్డు మీది పాత గేజ్‌ని నమ్మకు, మెకానికల్ గేజ్ ఇంకొకటి తగిలించి చూడు. పుస్తకం ప్రకారం వేడెక్కిన ఎంజీబీకి నడుస్తున్నప్పుడు 50 నుంచి 80, ఐడిలింగ్‌లో 10 నుంచి 25 పీఎస్ఐ ఉండాలి. కొత్త గేజ్ కూడా నీ అంకెలే చూపిస్తే బ్లాక్ వెనక భాగంలో గుండ్రటి తల నట్ కింద ఉండే రిలీఫ్ వాల్వ్ విప్పి చూడు. స్ప్రింగ్ చచ్చిపోయినా, ప్లంజర్ కింద చెత్త ఇరుక్కున్నా ప్రెషర్ పడిపోతుంది. అక్కడ ఏం దొరక్కపోతే మాత్రం క్రాంక్ బేరింగులు అరిగినట్టే, ఇంజన్ దించాల్సిందే. నీ లక్షణాలు చూస్తే అక్కడికే వచ్చేలా ఉంది, అందుకే మిగతాది ఆ లెక్కన రాస్తున్నాను.

ఇక ఫ్రెండ్ చెప్పిన 140. అది అబద్ధం కాదు. రేసుల్లో ఈ ఇంజన్ నుంచి అంతకంటే కూడా తీసేవాళ్లున్నారు. కానీ దాన్ని నువ్వు లెస్టర్ ట్రాఫిక్‌లో నడపలేవు, ఎందుకో ఇంజన్ కట్టుబడి చూస్తే తెలుస్తుంది.

నీది బీఎంసీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్ ఇంజన్, 1798 సీసీ. బోర్ 80.26 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 89. అంటే వెడల్పు తక్కువ, పొడుగెక్కువ, గిరగిరా తిరగడానికి కాకుండా కింది నుంచి లాగడానికి పుట్టిన ఇంజన్. 1962లో బండి వచ్చినప్పుడు 95 హార్స్‌పవర్ 5400 ఆర్‌పీఎం దగ్గర, టార్క్ 110 పౌండ్ ఫీట్ 3000 దగ్గరే. బండి బరువు వెయ్యి కిలోలు కూడా లేదు, అందుకే ఆ మాత్రం పవర్‌తోనే హుషారుగా ఉంటుంది. అసలు అడ్డు హెడ్‌లో ఉంది. నాలుగు సిలిండర్లకి ఇన్‌లెట్ పోర్టులు రెండే. ఒకటీ రెండూ ఒక పోర్టు, మూడూ నాలుగూ ఇంకో పోర్టు పంచుకుంటాయి. ఎగ్జాస్ట్‌కి మూడు, మధ్యది మళ్లీ రెండు సిలిండర్లకి ఉమ్మడి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ఒకే పోర్టు మీద ఉన్న రెండు సిలిండర్లు వెంట వెంటనే గాలి పీలుస్తాయి, తర్వాత చాలాసేపు ఆ పోర్టు ఖాళీ. వీధికి ఒక్క కుళాయి, బిందెలు రెండు వచ్చాయనుకో, ముందు పట్టిన వాళ్లకి ఒక లెక్క, వెనక పట్టిన వాళ్లకి ఇంకో లెక్క. క్యామ్ ఎంత హాట్ అయితే వాల్వులు తెరిచి ఉండే టైమ్ అంత ఎక్కువ, ఈ గుంజులాట కూడా అంత ఎక్కువ. పైన 6000 దగ్గర గాలి వేగంగా ఉన్నప్పుడు దాన్ని ఎలాగో నెట్టుకురావచ్చు. 1500 దగ్గర సిగ్నల్‌లో మాత్రం బండి గుర్రుగుర్రుమంటూ కుదుపుతూ చంపుతుంది.

వెబర్ సంగతీ ఇక్కడే తేలిపోతుంది. జంట గొంతుల వెబర్‌కి అంత పేరు రావడానికి కారణం ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొంతు అని. నీ హెడ్‌కి పోర్టులే రెండైతే ఒక వెబర్‌లోని రెండు గొంతులూ రెండేసి సిలిండర్లకి పెట్టాల్సిందే. ఇప్పుడు నీకున్న రెండు ఎస్‌యూ కార్బురేటర్లు చేస్తున్నదీ అదే పని. పైగా ఎస్‌యూలో పిస్టన్ గాలి అవసరాన్ని బట్టి తనే లేస్తుంది, దిగుతుంది, అందుకే కింద ఆర్‌పీఎంలో అంత మెత్తగా ఉంటుంది. వెబర్‌కీ మానిఫోల్డ్‌కీ జెట్లకీ పెట్టే డబ్బు తీసి ఎస్‌యూల స్పిండిళ్లు, బుష్‌లు, జెట్లు, నీడిళ్లు మార్పించుకో, సగం మిగులుతుంది కూడా. చూడ్డానికి వెబర్ అందంగా ఉంటుంది, కాదనను. బానెట్ ఎత్తి ఫోటోలు తీసుకోవడం ముఖ్యమైతే అది వేరే సంగతి.

మరి నాన్నగారు చెప్పిన రింగులు? తమ్ముడూ, ఆయన చెప్పింది తీసిపారేసే మాట కాదు. టాక్సీ ఒక్క పూట ఆగితే ఆ పూట కూలి పోయే రోజుల్లో, బోరు ఇంకా గుండ్రంగా ఉన్న ఇంజన్‌కి రింగులూ బేరింగులూ వేసి రోడ్డెక్కించడం సరైన పనే. నీ విషయంలో అది కొలిచి తేల్చాలి, ఊహించి కాదు. హెడ్ తీశాక సిలిండర్ పైఅంచున వేలు పెట్టి గోటితో గీకి చూడు. రింగు చేరని చోట గట్టులాగా తగిలిందంటే దాని కింద అరిగిందన్నమాట. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, అడ్డంగా, నిలువుగా కొలిపించు. పైనా కిందా తేడా ఐదారు థౌ దాటితే, అంటే అంగుళంలో వెయ్యో వంతులు అవి, కొత్త రింగులు వేసినా ఆ కోలగా అయిన గొట్టంలో నిలవవు. బోరుకొచ్చిన ఇంజన్‌కి రింగులు వేస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే పొగ చూస్తావు. అప్పుడు బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. 20, 30, 40, 60 థౌ సైజుల్లో దొరుకుతాయి. 60 వేస్తే 1868 సీసీ వస్తుంది, నలభై వేస్తే 1845. చాలామంది "ఎలాగూ బోర్ చేస్తున్నాం కదా" అని నేరుగా 60కి పోతారు. నువ్వు మాత్రం అరుగుదల పోయేంత వరకే చేయించు. బ్లాక్‌లో మిగిలిన లోహం ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఇంకోసారి బోర్ చేయించడానికి పనికొస్తుంది. ఒక్క మాట, పిస్టన్లు చేతికి వచ్చాకే బోర్ చేయమని షాపు వాళ్లకి గట్టిగా చెప్పు. పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోర్ చేయాలి, డబ్బా మీది అంకె చూసి కాదు.

నా సలహా మొత్తంగా ఇది: బోర్ అవసరమైనంత, కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిక్చర్‌ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ అంకె) తొమ్మిదిన్నర, క్యామ్ 270 డిగ్రీల దగ్గర ఉండే మెత్తటి ఫాస్ట్ రోడ్ రకం, హెడ్‌లో పోర్టుల అంచులు గ్యాస్కెట్‌కి సరిచూసి శుభ్రం చేయించడం, కార్బురేటర్లు పాత ఎస్‌యూలే. దీంతో ఫ్యాక్టరీ అంకె కంటే కొంచెం పైనే ఉంటావు, కానీ 2000 నుంచి 4500 వరకు తొక్కిన చోటల్లా పలుకుతుంది. నువ్వు వేల్స్ కొండల్లో ఉండేది ఆ మధ్యలోనే. ఓవర్‌డ్రైవ్ ఉన్న ఎంజీబీ 70 మైళ్ల స్పీడ్‌లో 3200 దగ్గర తిరుగుతుంది, 6000లో వచ్చే పవర్‌ని నువ్వు ఏడాదిలో ఎన్నిసార్లు వాడతావో నువ్వే లెక్కేసుకో. కంప్రెషన్ 11 అసలొద్దు. 1962లో ఈ ఇంజన్ ఎంజీబీలో వచ్చినప్పుడు 8.8. ఇనప హెడ్, పంపులో దొరికే పెట్రోల్, వేసవిలో కారవాన్ వెనక గంట సేపు పాకడం, ఈ మూడూ కలిస్తే 11 దగ్గర నాకింగ్, అంటే పెట్రోల్ అదుపు తప్పి పేలి టకటకమనడం, వచ్చి పిస్టన్ రింగు గట్లు విరుగుతాయి.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? మెషిన్ షాపులో. నువ్వు ఇంట్లో చేయలేని పనులు ఇవే కాబట్టి ఇక్కడ బేరాలు వద్దు. హెడ్‌ని ముందు క్రాక్ టెస్ట్ చేయించు, ఎందుకంటే ఈ హెడ్లు వాల్వు సీట్ల మధ్య పగులుతాయి. పగిలిన హెడ్‌కి కొత్త గైడ్లూ వాల్వులూ వేయించాక ఆ సంగతి తెలిస్తే ఏడుపొస్తుంది. పగుళ్లు లేకపోతే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు దిగ్గొట్టించు. బ్రిటన్‌లో బంకుల్లో లెడ్ పెట్రోల్ అమ్మకం 2000 మొదట్లోనే ఆగిపోయింది. పాత మెత్తటి సీట్లు లెడ్ లేకుండా హైవే స్పీడ్‌లో మెల్లగా కొరుక్కుపోతాయి, టాపెట్ గ్యాప్ దానంతటదే తగ్గిపోతూ ఉంటుంది. పాత ఓనర్ ఎవరైనా ఇప్పటికే వేయించి ఉండొచ్చు, అడుగు. క్రాంక్‌ని ప్రతి జర్నల్ దగ్గరా మైక్రోమీటర్‌తో కొలిపించి, కోలగా ఉంటేనే గ్రైండింగ్, లేదంటే పాలిష్ చాలు. బ్యాలెన్సింగ్ తప్పకుండా చేయించు. క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ కవర్ కలిపి, రాడ్లూ పిస్టన్లూ తూకం చూసి. బ్రోచర్లలో దీని గురించి ఎవరూ గొప్పగా రాయరు గానీ 4000 దగ్గర స్టీరింగ్ చేతిలో వణకడం ఆగిపోయినప్పుడు పెట్టిన డబ్బు గుర్తుకురాదు. ఫ్లైవీల్ తేలిక చేయిస్తామంటే కొంచెం చాలు, మరీ తీసేస్తే ఐడిలింగ్ నిలవదు.

బ్లాక్ షాపు నుంచి వచ్చాక "కడిగేశాం సార్" అంటారు. నువ్వు మళ్లీ కడుగు. బోరింగ్, హోనింగ్ చేసినప్పుడు రాయి పొడి ఆయిల్ దారుల్లో దాక్కుంటుంది. గ్యాలరీ ప్లగ్గులు ఊడదీయించి, పొడుగు బ్రష్షుతో సబ్బు నీళ్లు పెట్టి తోమి, గాలి కొట్టి, వెంటనే నూనె రాయి. సిలిండర్ గోడలు తెల్ల గుడ్డతో తుడువు, గుడ్డ బూడిద రంగుకి తిరిగినంతసేపూ పని అవలేదన్నమాట. ఇది విసుగు పని, రెండు గంటలు పడుతుంది, చాలామంది ఎగ్గొట్టేది కూడా దీన్నే.

బిగించేటప్పుడు నీది ఐదు మెయిన్ బేరింగుల ఇంజన్. మధ్య బేరింగ్ దగ్గర అర్ధచంద్రాకారంలో థ్రస్ట్ వాషర్లు ఉంటాయి, గాడులున్న వైపు క్రాంక్ వైపుకి తిరగాలి, బ్లాక్ వైపుకి కాదు. తిరగేసి పెడితే అవి త్వరగా అరిగిపోతాయి. క్రాంక్ ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ నాలుగైదు థౌ ఉండాలి, డయల్ గేజ్‌తో చూడు. మెయిన్ క్యాప్‌ల నట్లు 70 పౌండ్ ఫీట్, హెడ్ నట్లు 45 నుంచి 50. కనెక్టింగ్ రాడ్ బోల్టుల టార్క్ మాత్రం నీ రాడ్లు ఏ రకమో చూసి పుస్తకం ప్రకారం బిగించు, పాత రకానికీ కొత్త రకానికీ తేడా ఉంది. రింగు గ్యాప్ పిస్టన్ డబ్బాలోని కాగితం చూసి పెట్టు. కాగితం లేకపోతే ఒక అంగుళం బోరుకి నాలుగు థౌ చొప్పున, అంటే నీకు పన్నెండు పదమూడు థౌ. ఒక్కో రింగునీ అది వెళ్లే సిలిండర్‌లోనే దూర్చి, పిస్టన్‌తో చదునుగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో చూడు. నాలుగు పిస్టన్లకీ ఇలా చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది. పట్టనీ.

క్యామ్ మారిస్తే టాపెట్లు కూడా కొత్తవే వేయాలి. పాత టాపెట్లు పాత క్యామ్‌కి తగ్గట్టు అరిగి ఉంటాయి, కొత్త క్యామ్ మీద పెడితే వారంలో దాని ముక్కులు తినేస్తాయి. ఇంకో తిరకాసు, తర్వాతి ఇంజన్లలో టాపెట్లు పొట్టివి, పుష్‌రాడ్లు పొడుగువి. పాత రకంతో కలపకు, ఇంజన్ నంబర్ చెప్పి కొను. నీ 1972 బండికి ఫ్యాక్టరీ ఇంజనే ఉంటే నంబర్ 18వితో మొదలవ్వాలి. క్యామ్ టైమింగ్ చైన్ గుర్తులు కలిశాయి కదా అని వదిలేయకు. డిగ్రీ డిస్క్, డయల్ గేజ్ పెట్టి ఒకటో నంబర్ ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటు క్యామ్ వాళ్లిచ్చిన కాగితంతో సరిపోయిందో లేదో చూడు. నాలుగైదు డిగ్రీల తేడా మామూలే, దానికి ఆఫ్‌సెట్ కీలు దొరుకుతాయి. మంచి క్యామ్ వేసినా బండి పలకట్లేదని వాపోయేవాళ్లలో సగం మంది ఈ పని చేయనివాళ్లే.

టాపెట్ సెట్టింగ్‌కి సులువు చెబుతాను, మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. తొమ్మిది లెక్క. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటో వాల్వ్ సెట్ చేయి, ఏడు నొక్కుకుంటే రెండు, ఆరుకి మూడు, అలా రెండూ కలిపితే తొమ్మిది రావాలి. ఫ్యాక్టరీ క్యామ్‌కి చల్లటి ఇంజన్ మీద 15 థౌ, కొత్త క్యామ్‌కి వాళ్ల కాగితంలో ఉన్నంత.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడే చాలా కొత్త ఇంజన్లు పాడవుతాయి, కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. క్యామ్ ముక్కులకీ టాపెట్ల అడుగులకీ మాలిబ్డినం పేస్టు దట్టంగా పూసి ఉండాలి. ఆయిల్ పంపులో వ్యాజలీన్ కూరితే అది మొదటి తిప్పుడుకే ఆయిల్ లాగుతుంది. ప్లగ్గులు తీసేసి స్టార్టర్‌తో తిప్పు, గేజ్‌లో ప్రెషర్ లేచేదాకా. లేవకపోతే స్టార్ట్ చేయకు, వెతుకు. తర్వాత ప్లగ్గులు వేసి, టైమింగ్ దాదాపు సరిగ్గా పెట్టి, కార్బురేటర్లలో పెట్రోల్ నింపి, నీళ్లు పోసి, ఒకరిని రేడియేటర్ దగ్గర నిలబెట్టి అప్పుడు తాళం తిప్పు. అంటుకున్న మరుక్షణం ఐడిలింగ్‌కి వదలకుండా 2000 నుంచి 2500 మధ్య ఇరవై నిమిషాలు, కొంచెం పైకీ కిందికీ మారుస్తూ నడిపించు. క్యామ్‌కి ఆయిల్ అందేది క్రాంక్ విసిరే తుంపర వల్ల. మెల్లగా తిరిగితే ఆ తుంపర చాలదు, కొత్త క్యామ్ ఇరవై నిమిషాల్లోనే బతకడమో చావడమో తేలిపోతుంది. ఈలోగా మానిఫోల్డ్ పెయింట్ కాలి ఇల్లంతా పొగ నిండుతుంది, పక్కింటివాళ్లకి ముందే చెప్పు. ఆయిల్ మామూలు మినరల్ 20డబ్ల్యూ50, అందులో జింక్ అంటే జెడ్‌డీడీపీ సరిపడా ఉన్నది. కొత్త కార్లకిచ్చే సింథటిక్ ఇప్పుడు వద్దు, రింగులు సర్దుకోవు. ఇరవై నిమిషాలయ్యాక ఆ ఆయిలూ ఫిల్టరూ పారేసి కొత్తవి వేయి. రోడ్డెక్కాక నత్తలా మెల్లగా పాకకు, మూడో గేర్‌లో లాగు, వదులు, లాగు, వదులు. ఆ లోడ్ మీదే రింగులు గోడకి పట్టుకుంటాయి. ఐదు వందల మైళ్లయ్యాక హెడ్ నట్లు ఒకసారి చూసి, టాపెట్లు సెట్ చేసి, మళ్లీ ఆయిల్.

ట్యూనింగ్‌కి కార్బురేటర్ దగ్గర మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నువ్వు డిస్ట్రిబ్యూటర్ దగ్గర మొదలుపెట్టు. స్పిండిల్ పట్టుకుని పక్కకి ఊపు, ఊగిందంటే ప్లాటినం పాయింట్ల గ్యాప్ ఎంత సెట్ చేసినా నిలవదు. పాయింట్లు 14 నుంచి 16 థౌ. వేగాన్ని బట్టి స్పార్క్‌ని ముందుకు జరిపే లోపలి అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి, యాభై ఏళ్లలో ఎవరో ఏవో వేసి ఉంటారు కూడా. మంచి మనిషి చేత డిస్ట్రిబ్యూటర్ రీబిల్డ్ చేయించి నీ క్యామ్‌కీ కంప్రెషన్‌కీ తగ్గ కర్వ్ పెట్టించు. వ్యాక్యూమ్ పైపు తీసేసి స్ట్రోబ్ లైటుతో (టైమింగ్ చూసే మెరుపు లైటు) చూస్తే 3500 పైన మొత్తం అడ్వాన్స్ 32 నుంచి 34 డిగ్రీల దగ్గర ఈ ఇంజన్లు సుఖంగా ఉంటాయి. వ్యాక్యూమ్ పైపు మళ్లీ తగిలించు, "రేసు బండ్లకి ఉండదు" అని తీసేసేవాళ్లుంటారు, తీస్తే పెట్రోల్ తప్ప ఏం పోదులే అనుకుంటారు గానీ ఆ పోయేది నీ పెట్రోలే.

ఇక ఎస్‌యూలు. రెండు ఎయిర్ ఫిల్టర్లూ తీసి, రెండు కార్బురేటర్లనూ కలిపే లింకు వదులు చేసి, గొంతుల దగ్గర సన్నటి రబ్బరు గొట్టం పెట్టి రెండో కొస చెవి దగ్గర పెట్టుకో. రెంటిలోనూ గాలి బుస ఒకేలా వినిపించేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పు. నీవి అడుగున జెట్ నట్ ఉన్న హెచ్ఎస్4 రకమైతే, మిక్చర్‌కి ఆ నట్లని ముందు పైకంటా బిగించి, అక్కడి నుంచి పన్నెండు పలకలు, అంటే రెండు చుట్లు కిందికి దించితే ఇంజన్ నడిచే చోటుకి వస్తుంది. ఇప్పుడు డాష్‌పాట్ పక్కనే ఉండే చిన్న పిన్నుని వేలితో పైకి నొక్కి పిస్టన్‌ని మిల్లీమీటరు లేపు. ఇంజన్ వేగం పెరిగి పెరిగినట్టే ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, నట్ ఒక పలక పైకి. తడబడి ఆగబోతే పెట్రోల్ తక్కువైంది, ఒక పలక కిందికి. కాస్త పెరిగి వెంటనే మామూలుకొస్తే కుదిరింది. రెండు వైపులా ఇలా రెండు మూడుసార్లు తిరగాలి, ఒకటి మారిస్తే రెండోది కదులుతుంది. ఇది ఐడిలింగ్ వరకే. పైన తొక్కినప్పుడు ఎంత పెట్రోల్ పోవాలో నీడిల్ ఆకారం చెబుతుంది, కొత్త క్యామ్‌కి ఫ్యాక్టరీ నీడిల్ సరిపోకపోవచ్చు. అందుకే రన్నింగ్ ఇన్ అయ్యాక ఎస్‌యూలు తెలిసినవాళ్లున్న రోలింగ్ రోడ్‌కి, అంటే రోలర్ల మీద బండి నడిపి పవర్ కొలిచే చోటికి, ఒక పూట తీసుకెళ్లు. దానికి మూడున్నర వేలల్లోంచి ఇప్పుడే పక్కన పెట్టు, చివర్లో చూద్దామంటే చివర్లో మిగలదు.

ఇంజన్ గేర్‌బాక్స్‌తో కలిపే బయటికి వస్తుంది, క్రేన్‌కి వంపు సర్దే గొలుసు ఉండాలి, ఇద్దరు మనుషులు ఉండాలి. బయటికి వచ్చింది కాబట్టి క్లచ్ మొత్తం మార్చేయి. ఇందులో రిలీజ్ బేరింగ్ కార్బన్ ముక్క, సిగ్నల్ దగ్గర గేర్‌లో పెట్టి క్లచ్ తొక్కి పట్టుకునే మన అలవాటుకి అది గబగబా అరిగిపోతుంది. హైదరాబాద్‌లో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లమంతా ఆ పని చేస్తాం. న్యూట్రల్ చేసి కాలు తీసెయ్.

పెట్రోల్ గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోల్ ఈ10, పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగులుతాయి, వేడి ఎగ్జాస్ట్ పైనే కార్బురేటర్లు ఉన్న బండిలో అది చిన్న విషయం కాదు. సూపర్ అన్‌లెడెడ్ ఈ5 పోయించు, పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి క్యామ్, కంప్రెషన్ మార్చానని ఒక మెయిల్ పెట్టు, దాచిపెడితే క్లెయిమ్ రోజు తెలుస్తుంది. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి ఎంఓటీ, అంటే అక్కడ ఏటా చేయించే బండి ఫిట్‌నెస్ పరీక్ష, నుంచి మినహాయింపు ఉంటుంది. అదే ఇంజన్‌ని బోర్ చేయించి సీసీ పెంచుకున్నంత మాత్రాన అది పోదు. మినహాయింపు ఉన్నా ఇంత పని చేశాక ఒకసారి ఎంఓటీ చేయించుకోవడమే మేలు, బ్రేకులు ఇంకొకరి కళ్లతో చూసినట్టుంటుంది.

అంబాసిడర్ సామాన్ల మాటకొస్తే, విన్నది సగం నిజం. మీ నాన్నగారు నడిపిన అంబాసిడర్‌లోది 1489 సీసీ పెట్రోల్ ఇంజనైతే అదీ బి సిరీసే, ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏ 1500లో ఉన్నదీ ఆ 1489 సీసీనే. స్ట్రోక్ రెంటికీ ఒకటే 89, బోర్ మాత్రం దానిది 73, నీది 80. కాబట్టి పిస్టన్లు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ ఏవీ రావు. రాజమండ్రి నుంచి సామాను తెప్పించే ఆలోచన మానుకో, ఇంగ్లండ్‌లో ఎంజీబీకి దొరకని ముక్క అంటూ దాదాపు లేదు, దీని బాడీ షెల్‌ని 1988 నుంచి కొత్తగా కూడా తయారు చేశారు. సామాను కాకుండా నాన్నగారినే తెప్పించుకో. టాపెట్ మోత ఎక్కడ ఎక్కువుందో, నాకింగ్ ఎప్పుడు మొదలైందో ఆ ఇంజన్ కుటుంబంతో అన్నేళ్లు బతికిన చెవికి తెలిసినట్టు గేజ్‌కి తెలియదు. మొదటి స్టార్ట్‌కి రేడియేటర్ దగ్గర నిలబడే మనిషి కావాలన్నాను కదా, ఆయన వీసా టైమ్ చూసుకుని ఇంజన్ దించే నెల పెట్టుకో. కంప్రెషన్ అంకెలు నాలుగూ, పొడిదీ తడిదీ, ఇంజన్ నంబర్ ప్లేట్ ఫోటోతో కలిపి పంపు, బోరా రింగులా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.